కుంచం కొలత, కాటా తూకం, అంటార్కిటికా మంచు

మా మామ్మ ధాన్యం కొలిచేటప్పుడు పక్కన ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. "లాభం" అని మొదటి కుంచం, తర్వాత రెండు, మూడు. కుంచం నిండా పోసి, పైన అరచేత్తో ఒక్క తుడుపు తుడిచి, గోనెలోకి వంపేది. కొనడానికి వచ్చినవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ కుంచాన్ని నేలకేసి ఒకసారి తట్టేవారు. అంతే, మామ్మ చెయ్యి అడ్డం పెట్టేసేది. "కుదిపీసినావంటే నాకేటి మిగుల్తాది బాబూ? పోసినట్టే తుడిచి కొలు" అనేది.

ఒక్కసారి తట్టిన కుంచంలో ధాన్యం వేలు మందం కిందకి దిగుతుంది. ఆ ఖాళీలో ఇంకో గుప్పెడు పడుతుంది. కుంచం అదే, లెక్క అదే, గింజలు మాత్రం ఎక్కువ వెళ్ళిపోతాయి. చిన్నప్పుడు ఇది మామ్మ పిసినారితనం అనుకునేదాన్ని. విశాఖలో రిమోట్ సెన్సింగ్ చదువుతూ, ధ్రువాల మీద ఏడాదికి ఎంత మంచు పోగవుతోందో ఉపగ్రహాలతో ఎలా లెక్కగడతారో నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక రాత్రి హాస్టల్ గదిలో ఆ అరచెయ్యి మళ్ళీ గుర్తొచ్చింది. ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తగువు పడుతున్నది సరిగ్గా ఆ తట్టు దగ్గరే.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మా చిన్నాన్న. మొన్న సంక్రాంతికి ఊరెళితే ఫోన్ నా చేతిలో పెట్టాడు. మా ఊరు శ్రీకాకుళం జిల్లా, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో. చిన్నాన్న సరుగుడు తోట సముద్రానికి దగ్గరే. వాట్సాప్‌లో ఎవరో పంపిన మెసేజ్ అది: అంటార్కిటికాలో మంచు తగ్గట్లేదు, ఏడాదికి పది వేల కోట్ల టన్నుల చొప్పున పెరుగుతోంది, ఈ మాట ఉపగ్రహాలే చెప్పాయి, సముద్రం పొంగుతుందని భయపెట్టడం అంతా అబద్ధం. "అమ్మా, నువ్వు సదివింది ఇదే కదా. నిజమేనేటి?" అని అడిగాడు. వాదన పెట్టుకోవడానికి అడగలేదు. తోట ముందున్న ఇసక తిన్నె మూడేళ్ళలో సగానికి సగం పోయింది. ఆ భూమి ఉంచుకోవాలా, వచ్చిన ధరకి అమ్మెయ్యాలా అన్నది ఆయన టెన్షన్.

అంకె నిజమే అని చెప్పాను. 2021 నుంచి 2023 దాకా అంటార్కిటికా మంచు మొత్తం బరువు ఏడాదికి సుమారు 100 గిగాటన్నులు పెరిగిన మాట వాస్తవం. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. ఆయన మొహం కొంచెం తేలికపడింది. ఆ మొహం చూశాక నాకు స్థిమితం లేకపోయింది. నిజమైన అంకెతోనే ఆయన తప్పు నిర్ణయం తీసుకునేలా ఉన్నాడు. ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఉపగ్రహం మంచుని కొలవదు. వెలుగు వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది, రేడియో అల తిరిగొచ్చిన తీరుని కొలుస్తుంది, జంటగా తిరిగే రెండు ఉపగ్రహాలైతే తమ మధ్య దూరాన్ని కొలుస్తాయి. దాన్ని "ఇంత మంచు" అనే అంకెగా మార్చాలంటే ఎవరో ఒకరు ఆ మంచులో గొయ్యి తవ్వి, పార పట్టుకుని, తూకం వేసి చెప్పాలి. ఉపగ్రహాలు వచ్చేశాయి కదా, ఇక నేల మీద మనుషులెందుకు అనే మాట ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. ఆ మాట తప్పు. ధ్రువాల దగ్గరా తప్పే, మా ఉద్దానంలోనూ తప్పే.

ముందు మాట సంగతి. తెలుగులో పొగమంచూ మంచే, గడ్డి మీద బిందువులూ మంచే, హిమాలయాల మీద తెల్లగా పడేదీ మంచే, ఫ్రిజ్‌లోదీ మంచే. మా వైపు "మంచు కొట్టింది" అంటే జనవరిలో జీడిపూత మాడిపోయిందని. అంటార్కిటికా దగ్గరికొచ్చేసరికి ఈ ఒక్క మాటతో పని జరగదు. అక్కడ ఆకాశం నుంచి పడేది గుల్ల మంచు. పడి, గాలికి నలిగి కాస్త కుదుటపడ్డాక ఘనపు మీటరుకి 300 నుంచి 400 కిలోల దాకా తూగుతుంది. దాని మీద మరుసటి ఏడాది మంచు, ఆ పైన మరో ఏడాదిది. పై బరువుకి కిందది నలుగుతూ, గుల్లతనం పోగొట్టుకుంటూ, గాలి బుడగలు లోపలే మూసుకుపోయేసరికి 830 కిలోలు అవుతుంది. పూర్తి గడ్డయితే 917. ఈ మధ్యలో ఉన్నదాన్ని ఫర్న్ అంటారు. గడ్డ కావడానికి ఎన్నో చోట్ల 50 మీటర్లకి పైగా దిగాలి, దక్షిణ ధ్రువం దగ్గరైతే వంద దాటాలి. కుంచాన్ని ఎవరో వందల ఏళ్ళుగా నెమ్మదిగా తడుతూనే ఉన్నారన్నమాట.

ఇప్పుడు లేజర్ ఉపగ్రహం ఏం చేస్తుందో చూద్దాం. ఐస్‌శాట్-2 ని నాసా 2018 సెప్టెంబరు 15న పంపింది. సుమారు 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి సెకనుకి పది వేల సార్లు ఆకుపచ్చ వెలుగు చిమ్ముతుంది. సెకనుకి ఏడు కిలోమీటర్ల చొప్పున పోతుంది కాబట్టి నేల మీద ప్రతి 70 సెంటీమీటర్లకీ ఒక చిమ్ము పడుతుంది. ఒక్కో చిమ్ములో లక్షల కోట్ల వెలుగు కణాలు బయల్దేరితే, మంచు మీద పడి చెదిరి, వెనక్కి అద్దంలోకి చేరేవి పది, పన్నెండు. ఆ పది కణాలు వెళ్ళి రావడానికి పట్టిన సమయం, సెకనుని మూడు వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అందులోంచి ఎత్తు లెక్క తీస్తారు. మూడు నెలలకోసారి అదే దారిన మళ్ళీ వస్తుంది. పోయినసారి కంటే ఎత్తు పెరిగిందా, తగ్గిందా?

ఇది చదివిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది, ఇప్పటికీ పులకరిస్తుంది. కానీ అది చెప్పేది ఎత్తు. కుంచంలో ధాన్యం ఎక్కడిదాకా ఉందో మాత్రమే. అంటార్కిటికా వైశాల్యం సుమారు కోటీ నలభై లక్షల చదరపు కిలోమీటర్లు. అంతటా ఒక్క సెంటీమీటరు ఎత్తు పెరిగిందనుకోండి. పెరిగింది గుల్ల మంచయితే దాని బరువు సుమారు 50 గిగాటన్నులు. పెరిగింది గట్టి గడ్డయితే దాదాపు 130. ఉపగ్రహానికి ఈ రెండూ ఒకటే సెంటీమీటరు. అసలు ఏమీ పడకపోయినా, ఎండాకాలం కాస్త వేడెక్కి పాత మంచు కుంగితే ఎత్తు తగ్గుతుంది. బరువు మాత్రం రవ్వంత కూడా మారదు.

ఈ తగువు ఊహించి చెప్తున్నది కాదు. 2015లో నాసాకి చెందిన జే జ్వాలీ బృందం ఒక పేపర్ వేసింది. 2003 నుంచి 2008 దాకా అంటార్కిటికా ఏడాదికి 82 గిగాటన్నులు పెరిగిందని లెక్క. చాలామంది ఒప్పుకోలేదు. తూర్పు అంటార్కిటికా లోపలి భాగంలో ఎత్తు ఏడాదికి సెంటీమీటరున్నర లాగా పెరుగుతోంది. అది ఈ మధ్య పడిన మంచు కాదు, పది వేల ఏళ్ళ కిందట మంచుయుగం ముగిశాక హిమపాతం ఎక్కువైనప్పటి నుంచీ నెమ్మదిగా మందమవుతున్న గడ్డ అని జ్వాలీ వాదన. అందుకని గడ్డ సాంద్రతతో గుణించారు. మిగతావాళ్ళు ఆ ఎత్తే అంత ఉందా అని అడిగారు, ఉన్నా అది గడ్డ అని ఎలా తెలుసు అని అడిగారు. 2018లో ఎనభై మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసి లేజర్, రాడార్, గురుత్వం అన్నీ ఒకచోట పెట్టి లెక్క చూస్తే 1992 నుంచి 2017 దాకా అంటార్కిటికా 2,720 గిగాటన్నులు పోగొట్టుకుందని తేలింది, అటూ ఇటూ 1,390. అందులో తూర్పు అంటార్కిటికా వరకు వచ్చిన అంకె చూడండి: ఏడాదికి 5 గిగాటన్నుల పెరుగుదల, అటూ ఇటూ 46. అంటే అక్కడ పెరుగుతోందో తగ్గుతోందో తెలియదన్నట్టే. పాతికేళ్ళ ఉపగ్రహాల తర్వాత కూడా ఆ ఖండంలో అతిపెద్ద భాగం గురించి ఇంతే చెప్పగలిగారు. అంకె పక్కన "అటూ ఇటూ" అని నిజాయితీగా రాసినవాళ్ళంటే నాకు గౌరవం. వాట్సాప్‌లోకి దిగేసరికి మొదట రాలిపోయేది ఆ రెండు మాటలే.

లేజర్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది. దట్టమైన మేఘం దాటి చూడలేదు. మంచు పడేది మేఘం కింద. పడుతున్నప్పుడు అది గుడ్డిది, పడడం అయ్యాకే చూస్తుంది. పడుతుండగా చూసింది క్లౌడ్‌శాట్ రాడార్, 2006లో వెళ్ళింది. అయితే నేల నుంచి వచ్చే ప్రతిధ్వని అడ్డం వచ్చి, నేలకి సుమారు 1,200 మీటర్ల లోపు ఏం జరుగుతోందో దానికీ కనపడేది కాదు. పైన రాలిన మంచు కిందకి చేరేలోపు పొడిగాలికి కొంత ఆవిరైపోతే ఆ లెక్క దానికి తెలిసేది కాదు.

రాడార్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, నేను దెబ్బతిన్నది అక్కడే. క్రయోశాట్-2 యూరప్ వాళ్ళది, 2010 ఏప్రిల్‌లో వెళ్ళింది. దాని డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నా ఎం.టెక్ ప్రాజెక్టుకి గ్రీన్‌లాండ్ లోపలి ఎత్తైన భాగం తీసుకున్నాను. నెల నెలా ఎత్తు గ్రాఫ్ గీస్తే 2012 వేసవి దాకా కొంచెం హెచ్చుతగ్గులతో సాగి, అక్కడ ఒక్కసారిగా పైకి లేచింది. దాదాపు అర మీటరు. నేను ఆ గ్రాఫ్ చూసి ఎంత సంబరపడ్డానో! ఆ ఏడు గ్రీన్‌లాండ్ నడిబొడ్డున భారీగా మంచు పడిందని రెండు పేజీలు రాసేశాను. మా గైడ్ మేడమ్ చదివి, ఒక్క ప్రశ్న అడిగారు. "2012 జూలైలో అక్కడ ఏం జరిగిందో చూశావా?"

చూడలేదు. చూస్తే, మంచు పడడానికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. ఆ జూలైలో కొద్ది రోజుల్లోనే గ్రీన్‌లాండ్ మంచు ఉపరితలంలో 97 శాతం కరుగుతూ కనిపించింది, మామూలుగా ఎప్పుడూ కరగని శిఖర భాగంతో సహా. కరిగిన నీళ్ళు కాస్త లోపలికి ఇంకి మళ్ళీ గడ్డకట్టాయి. ఆ రాడార్ అల పొడి మంచులోకి చొచ్చుకుపోతుంది, మీటర్ల లోతు నుంచి కూడా ప్రతిధ్వని తెస్తుంది. అప్పటిదాకా లోపలి పొరల నుంచి తిరిగొస్తున్న అల, పైన గడ్డ పొర ఏర్పడేసరికి అక్కడే తగిలి వెనక్కొచ్చేసింది. దూరం తగ్గింది కాబట్టి ఎత్తు పెరిగినట్టు లెక్కలో పడింది. మంచు ఇంచీ పెరగలేదు. మంచు కరిగిన సంఘటనని నేను మంచు పెరిగిన సంఘటనగా రాశాను. ఇదే అర మీటరు అబద్ధపు పెరుగుదలని పట్టుకుని వివరంగా రాసిన పేపర్ 2015లోనే వచ్చి ఉంది, నేను చదవలేదు. ఆ రోజు నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

తర్వాత నాకు ధైర్యం ఇచ్చింది మన రాకెట్ మీద వెళ్ళిన సరళ్ ఉపగ్రహం. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ20 మీద వెళ్ళింది, ఇస్రోదీ ఫ్రాన్స్‌దీ కలిపి. అందులోని ఆల్టికా రాడార్ అల పొడవు 8 మిల్లీమీటర్ల చిల్లర, క్రయోశాట్ అల రెండు సెంటీమీటర్ల పైన. పొట్టి అల మంచు రవ్వల మీద ఎక్కువ చెదురుతుంది, అందుకని లోపలికి ఎక్కువ దూరం పోలేదు, పై పొర దగ్గరే ఆగుతుంది. ఒకే చోట పొడుగు అల చెప్పిన ఎత్తు, పొట్టి అల చెప్పిన ఎత్తు పక్కపక్కన పెడితే, తేడా మంచు గుణం గురించి చెప్పడం మొదలుపెడుతుంది. ఒక ఉపగ్రహం లోపాన్ని ఇంకో ఉపగ్రహం పట్టుకోవడం ఇలాగే. కానీ ఆ తేడా ఎంతుంటే ఎంత గుల్లో చెప్పడానికి మళ్ళీ మొదటికే రావాలి. ఎవరో అక్కడ గొయ్యి తవ్వాలి.

కాటా లేదా అని అడిగాడు చిన్నాన్న. ఉంది, చాలా గొప్ప కాటా. గ్రేస్ అని 2002లో రెండు ఉపగ్రహాలు పంపారు, ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంలో. కింద బరువు ఎక్కువున్న చోటికి వస్తుంటే ముందుది కాస్త ముందుకి లాగబడుతుంది, ఎడం పెరుగుతుంది. తర్వాత వెనకదాని వంతు. ఆ ఎడంలో వెంట్రుక మందం కంటే చిన్న మార్పు కూడా కొలుస్తారు. అవి ఆగిపోయాక 2018 మేలో వాటి వారసులు వెళ్ళాయి. ఎత్తుతో, సాంద్రతతో పని లేదు. నేరుగా బరువు. చిన్నాన్న ఫోన్లోని అంకె ఈ కాటా చెప్పిందే.

అయితే కాటాకి కూడా చూపు పరిమితి ఉంది. దాదాపు 300 కిలోమీటర్ల పరిధిని ఒక ముద్దగా చూస్తుంది. మంచు కింద నేల కూడా, పాత మంచుయుగపు బరువు దిగిపోయిన చోట, ఇప్పటికీ నెమ్మదిగా పైకి లేస్తోంది. ఆ బరువుని లెక్కలోంచి తీసెయ్యాలి, అది ఎంతో సరిగ్గా తెలియాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా, కాటా చెప్పేది మిగులు. రాబడి ఎంతో, ఖర్చు ఎంతో విడివిడిగా చెప్పదు.

చిన్నాన్నకి ఇది చప్పున తలకెక్కింది. ఆయన నలభై ఏళ్ళుగా జీడిపిక్కల లెక్కలు చూసినవాడు. అంటార్కిటికా మీద ఏడాదికి రెండు వేల గిగాటన్నులకి పైగా మంచు పడుతుంది. అది రాబడి. అంచుల్లో గడ్డలు విరిగి సముద్రంలో పడేదీ, తేలే అంచుల కింద వెచ్చని నీళ్ళకి కరిగేదీ ఖర్చు. అదీ ఇంచుమించు అంతే, ఈ దశాబ్దాల్లో కాస్త ఎక్కువే. 2011 నుంచి 2020 దాకా ఏడాదికి 140 గిగాటన్నుల చొప్పున లోటు. 2021 నుంచి 2023 దాకా మిగులు. ఖర్చు ఆగిపోయి మిగల్లేదు, రాబడి ఒక్కసారి ఎక్కువ వచ్చి మిగిలింది. 2022 మార్చిలో మహాసముద్రం మీద నుంచి తేమ నిండిన గాలి ఒక నదిలాగ తూర్పు అంటార్కిటికా లోపలికి దూసుకొచ్చింది. మైనస్ 50ల్లో ఉండాల్సిన కంకార్డియా కేంద్రం దగ్గర మైనస్ 12 దాకా వేడెక్కింది. ఆ గాలితో పాటు అంచుల్లో వాన, లోపల విపరీతంగా మంచు. వేడి గాలి ఎక్కువ తేమ మోస్తుంది, చల్లని చోట దించుతుంది. అంటే వేడెక్కడం వల్లే మంచు ఎక్కువ పడొచ్చు. "ఒక్క తుపాను వానకి చెరువు నిండినట్టు" అన్నాడు చిన్నాన్న. నేను ఇంతకంటే బాగా చెప్పలేను. అంటార్కిటికాలో చాలాచోట్ల ఏడాది మంచులో 40 శాతానికి పైగా, మొత్తం ఏడాదిలో బాగా ఎక్కువ పడిన కొద్ది రోజుల్లోనే పడుతుందని 2019లో ఒక పరిశోధన చూపించింది. మూడేళ్ళ మిగులు చూసి కరువు తీరిందని చెప్పేవాణ్ణి మా వైపు ఎవరూ రైతు అనరు.

తుపాను అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకపోతే నా బాధ పూర్తిగా అర్థం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఐస్‌శాట్-2 కొలతలు మొదలుపెట్టింది కూడా ఆ నెల మధ్యలోనే. నేను విశాఖలో ఉన్నాను. రెండు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. మూడో రోజు నాన్న గొంతు విన్నాను. "అందరం బాగున్నాం. చెట్లు లేవు" అని రెండే మాటలు అన్నాడు.

ఉద్దానం కొబ్బరి అంటే తాతల నాటి చెట్లు. కొన్ని వేళ్ళతో సహా పడిపోయాయి. కొన్ని నిలబడే ఉన్నాయి, తలలు లేవు. మొవ్వ విరిగిన కొబ్బరిచెట్టు నిలబడి ఉన్నా చచ్చినట్టే, కొమ్మ వెయ్యదు. జనవరిలో నేను మా తోటని ఉపగ్రహ చిత్రంలో చూసుకున్నాను. సెంటినెల్-2 బొమ్మలు, పది మీటర్లకి ఒక గడి, ఉచితం. పచ్చదనం లెక్క తీశాను. తుపానుకి ముందు బాగా పచ్చ. అక్టోబరు చివర పడిపోయింది. జనవరికి దాదాపు మామూలుకి వచ్చేసింది. అంకె ప్రకారం మా తోట కోలుకుంది.

పండక్కి వెళ్ళి చూస్తే, నీడ పోయి ఎండ నేలకి దిగేసరికి నడుం ఎత్తు తుప్పలు, గడ్డి లేచి ఉన్నాయి. ఉపగ్రహం చూసిన పచ్చదనం అది. అబద్ధం చెప్పలేదు, పచ్చగా ఉన్నదాన్ని పచ్చగా ఉందనే చెప్పింది. నాన్న సుద్దముక్క పట్టుకుని మొద్దు మొద్దుకీ అంకె వేస్తూ తిరుగుతున్నాడు. నేను వెనకాల నోటుబుక్‌లో రాశాను. నూట పదమూడు. ఆ అంకె ఏ బొమ్మలోనూ లేదు.

అందుకే ధ్రువాల మీద కర్ర పాతేవాళ్ళంటే నాకు ఇంత అభిమానం. నిజంగానే కర్రలు పాతుతారు. జపాన్ వాళ్ళు తమ తీర కేంద్రం నుంచి లోపలికి వెళ్ళే దారి పొడవునా వెదురు గెడలు పాతి, వెళ్ళినప్పుడల్లా మంచు పైన గెడ ఎంత మిగిలిందో టేపు పెట్టి కొలుస్తూ దశాబ్దాల లెక్క పోగుచేశారు. రష్యా వాళ్ళ వోస్తోక్ కేంద్రం దగ్గర 1970 నుంచీ గెడల తోటే ఉంది. తోట అని ఎందుకంటే ఒక్క గెడ చాలదు. గాలి మంచుని ఒకచోట దున్ని ఇంకోచోట దిబ్బ వేస్తుంది, పక్కపక్క గెడల్లో ఒకటి పెరిగినట్టు, ఒకటి తగ్గినట్టు చెప్తాయి. చాలా గెడల సగటు తీస్తేనే నమ్మాలి. వోస్తోక్‌లో ఏడాది మంచు మొత్తం కరిగిస్తే రెండు సెంటీమీటర్ల చిల్లర నీళ్ళు. మా జిల్లాలో ఒక్క మంచి వానకి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ కాస్తని పట్టుకోవడానికి యాభై ఏళ్ళకి పైగా ఆ చలిలో మనుషులు టేపు పట్టుకుని తిరిగారు.

గొయ్యి సంగతి మా సీనియర్ ఒకాయన చెప్పాడు, అక్కడికి వెళ్ళొచ్చినవాడు. రెండు మీటర్ల లోతు తవ్వి, ఎండ పడని వైపు గోడని పారతో నున్నగా చెక్కుతారు. ఆ వెనకాల అడుగున్నర వదిలి ఇంకో గొయ్యి తవ్వితే, మధ్య పల్చటి గోడలోంచి వెలుగు వస్తుంది. నీలంగా. అందులో పొరలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. వేసవి పొర గరుగ్గా, ఉప్పుగల్లులా, వెలుగుని ఎక్కువ వదులుతుంది. చలికాలపు పొర మెత్తగా, పిండిలా, ముదురు రంగులో. పై నుంచి పది పది సెంటీమీటర్లకి ఒక స్టీలు గొట్టం గుచ్చి, నిండిన మంచుని సంచిలో వేసి, చిన్న తూకం మీద పెట్టి, వేళ్ళు మొద్దుబారుతుంటే పెన్సిలుతో రాస్తారు. పెన్ను సిరా గడ్డకడుతుంది. ఎన్నో పొర ఏ ఏడాదిదో తేల్చుకోవడానికి, ఇంకా లోతుకి దిగితే ఒక గుర్తు కూడా దొరుకుతుంది: 1954లో పసిఫిక్ దీవుల్లో పేల్చిన బాంబుల అణుధూళి, 1955 నాటి పొరలో ధ్రువం దాకా చేరి కూర్చుంది. మనిషి చేసిన ఘోరం, మంచుకి తేదీ అయింది.

2006లో అంటార్కిటికా మొత్తానికి వచ్చిన హిమపాత పటం ఒకటి ఇప్పటికీ అందరూ వాడతారు. మైక్రోవేవ్ ఉపగ్రహం ఏ చోటికీ ఏ చోటికీ మధ్య మంచు ఎలా మారుతుందో ఆకారం ఇచ్చింది. అంకె ఇచ్చినవి ఇలాంటి గోతులూ గెడలూ. సగటున ఏడాదికి 143 మిల్లీమీటర్ల నీటికి సమానమని తేలింది. ఉపగ్రహం లేకపోతే గోతుల మధ్య వేల కిలోమీటర్లు చీకటి. గోతులు లేకపోతే ఉపగ్రహం బొమ్మకి అర్థం లేదు. రెండిట్లో ఒకటి చాలు అనేవాళ్ళు రెండూ చూడలేదు.

మన దేశానికి ఈ పాఠం మంచే నేర్పింది. అంటార్కిటికాలో మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రిని 1983-84లో తేలే మంచు పలక మీద కట్టారు. ఏడాదికేడాది పడిన మంచు దాన్ని కప్పేసింది. 1990లో వదిలేశారు. అప్పటికే రాతినేల మీద మైత్రి కట్టారు, 2012లో భారతి వచ్చింది. ఇప్పుడు భారతి దగ్గరున్న యాంటెనాలు మన ఉపగ్రహాల డేటాని అందుకుని, ఇస్రో కేంద్రం ఉన్న షాద్‌నగర్‌కి పంపుతాయి. 2025 జూలైలో శ్రీహరికోట నుంచి నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం నిసార్ కూడా వెళ్ళింది, పన్నెండు రోజులకోసారి భూమినంతా చూస్తుంది. ఇవన్నీ మనవని గర్వపడతాను. ఆ గర్వంతోనే అడుగుతున్నాను, ఆ యాంటెనా పక్కన గెడ పాతే మనిషికి, గొయ్యి తవ్వే కుర్రాడికి కూడా ప్రతి ఏడూ డబ్బు ఉండాలి. ఒక్క ఏడు కొలత తప్పితే, మరుసటి ఏడు వెళ్ళి తెచ్చుకునేది కాదు. కళింగపట్నంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది. అలాంటి చోట పొద్దున్నే 8.30కి వానమాపకం తీసి కొలగాజులో వంచి చూసే మనిషికి ఎవరూ సన్మానం చెయ్యరు. కానీ ఉపగ్రహం చెప్పిన వాన నిజమా కాదా అని తేల్చేది ఆ కొలగాజే.

చిన్నాన్న ప్రశ్నకి సూటిగా సమాధానం చెప్పాలి కదా. మూడేళ్ళు అంటార్కిటికాలో మంచు పెరగడం వల్ల సముద్రం కొంచెం నెమ్మదించి ఉంటుంది. 360 గిగాటన్నులకి ఒక మిల్లీమీటరు లెక్క, కాబట్టి ఏడాదికి మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. మిగతా చోట్ల కరిగేదీ, నీరు వేడెక్కి ఉబ్బేదీ ఆగలేదు. ఇంకోటి కూడా చెప్పాను: నీ తిన్నె పోవడానికి సముద్ర మట్టం ఒక్కటే కారణం అని నేను ప్రమాణం చెయ్యలేను. తీరంలో ఇసక నడుస్తుంది. అలల దిక్కు, ఏటి నుంచి వచ్చే ఇసక, ఎక్కడో కట్టిన గట్టు, అన్నీ పనిచేస్తాయి. మీటరు లోపు మార్పులు తేల్చడానికి పది మీటర్ల గడి బొమ్మ చాలదు.

"అయితే నన్నేటి సెయ్యమంటావు?" అన్నాడు.

సరుగుడు గెడ ఒకటి పాతాం, కనుమ రోజు సాయంత్రం, తిన్నె అంచున. నిలువెత్తు. ఇసక పైన ఎంత ఉందో టేపుతో కొలిచి, నాన్న సుద్దముక్క నోటుబుక్కులోనే, ఆ నూట పదమూడు తర్వాతి పేజీలో రాశాను. ప్రతి ఆదివారం కొలిచి ఫోన్ చెయ్యమన్నాను.

ఆరు వారాలు తప్పకుండా చేశాడు. పోయిన ఆదివారం గొంతులో సంతోషం. "అమ్మా, జానెడు ఇసక పెరిగింది." మంచిదే చిన్నాన్నా, ఆ ఇసక ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగాను. కాసేపు మాట లేదు. గాలి చప్పుడు వినిపిస్తోంది, నడుస్తున్నాడు. ఉత్తరం వైపు పడవలు లాగే చోట తిన్నె కోసుకుపోయి, సరుగుడు వేళ్ళు బయటికి కనిపిస్తున్నాయన్నాడు. రేపు ఇంకో నాలుగు గెడలు పాతుతానన్నాడు, అటు రెండు, ఇటు రెండు. పాతే ముందు కింది భాగానికి తారు పుయ్యమని చెప్పాను, ఉప్పుకి తొందరగా పుచ్చిపోతాయి.